గడప బయట నిలబడిన సిపాయి

మా పెదతాత పోయాడన్న కబురు నాకు తాడు గంట చెప్పింది. రంగూన్‌లో మేముండే లత పేటలో ప్రతి ఇంటి వరండా నుంచీ వీధిలోకి ఒక తాడు వేలాడుతూ ఉంటుంది. పై కొసకి గంట, కింది కొసకి క్లిప్పు. పేపరువాడు కింద నుంచి లాగితే పైన గంట మోగుతుంది, పేపరు క్లిప్పుకి తగిలిస్తే మనం పైకి లాక్కోవడమే. మూడంతస్తుల మెట్లు ఊరికే ఎవరెక్కుతారు? తాత అన్నం కోసం లాగితే రెండు పొట్టి మోతలు వినిపించేవి. పోయిన నెలలో ఒక పొద్దున్న, నేనింకా పొయ్యి వెలిగించకముందే, గంట ఆగకుండా మోగింది. చిరాగ్గా వరండాలోకి వెళ్ళి చూస్తే కింద డా మ్యా తాడు పట్టుకుని తల పైకెత్తి నిలబడి ఉంది. డా మ్యా మా కింది అంతస్తులో ఉండే బర్మా ఆవిడ. తల అడ్డంగా ఊపింది.

ఆయన మా తాతకి సొంత అన్న, నేను తాత అనే పిలిచేదాన్ని. తొంభై దాటి చాలా కాలమైంది, ఎంత దాటిందో ఆయనకే తెలీదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన మడతమంచం మా బిల్డింగు మెట్ల కిందే. పేరుకి కాపలా. మంచం కింద చెప్పులు, ముందుభాగం ఎప్పుడూ వీధివైపే తిరిగి ఉండాలి. ఎవరైనా ఊడుస్తూ వాటిని అటూ ఇటూ జరిపితే పెద్ద రభస చేసేవాడు. నేను దిగి చూసేసరికి చెప్పులు వీధివైపే ఉన్నాయి, మనిషి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ముందురోజు సాయంత్రమే చారులో చింతపండు ఎక్కువైందని వీధి వీధంతా వినేలా అరిచిన మనిషి.

మా ఇంటి కింద ఇన్నేళ్ళున్న ఆయన మా ఇంట్లోకి ఒక్కసారీ రాలేదు. మా ఇంట్లోకే కాదు, ఎవరింట్లోకీ వెళ్ళలేదు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన రోజు మొదలు ఏ గడపా దాటలేదు. గుడికెళ్తే గేటు దగ్గరే దణ్ణం, పెళ్ళికెళ్తే పందిట్లోనే భోజనం, అదీ నిలబడి. కారణం ఉంది, చెప్తాను. ముందుగా చెప్పాల్సింది ఇంకొకటి. పోయిన వానాకాలంలో ఆయన నన్నొక కోరిక కోరాడు. నేను ఆలోచించకుండా సరేనన్నాను.

"అమ్మీ, నాను సచ్చినాక ఓపాలి నన్ను మీ ఇంట్లోకి తీసుకెల్తావేటి?"

ఇంతే. బతికుండగా రానివాడు పోయాక తీసుకెళ్ళమన్నాడు. బయట ప్రాణం పోయిన మనిషిని ఇంటి లోపలికి తేకూడదన్నది మాలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. అలాంటి శవాన్ని ఎక్కడ పోతే అక్కణ్ణించే సాగనంపాలి. సరేనన్నప్పుడు నాకది గుర్తు రాలేదు. ఆ పొద్దున్న మెట్ల కింద నిలబడ్డప్పుడు గుర్తొచ్చింది. ఏడవడానికి కూడా నాకు తీరిక లేకపోయింది. అన్నయ్యకి ఫోన్ చేస్తే నెట్‌వర్క్ లేదు, పైకెళ్ళాలా కిందే ఉండాలా తెలీదు, ఆరు మెట్లెక్కుతాను, మళ్ళీ దిగుతాను. డా మ్యా నా చెయ్యి పట్టుకుని మంచం పక్కన కూర్చోబెట్టింది.

ఆయన పని చేసిన పటాలం ఏదో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. జపానువాళ్ళ రోజుల్లో, తెల్లవాళ్ళ మీద కొట్లాడటానికి లేచిన పటాలం. రబ్బరు తోటల్లోంచి వచ్చిన అరవవాళ్ళు, యుద్ధంలో పట్టుబడిన పంజాబీ సిపాయిలు, మన రేవు కూలీలు అందరూ అందులో కలిశారు. గుర్రాలు లేవు, మోటార్లు లేవు, కాలినడక పటాలం. గెలిచి ఉంటే తాత చెప్పే కథ వేరేగా ఉండేదేమో. ఓడిపోయింది. ఆయన చెప్పే కథలో ముప్పాతిక భాగం నడకే.

అప్పటికి తాతావాళ్ళు సేక్కాన్ రేవు పక్కన కూలీల లైన్లలో ఒక గదిలో ఉండేవారు. రేవు మీద బాంబులు పడ్డప్పుడు వాళ్ళ నాన్న పోయాడు. తల్లి బియ్యం మిల్లులో నూకలు చెరిగేది. తమ్ముడు, అంటే మా తాత, ఇంకా పసివాడు. మీసం కూడా సరిగ్గా రాని పెదతాత పటాలంలో చేరాడు. ఏటా పంద్రాగస్టుకి మా తెలుగు సంఘంవాళ్ళు ఆయన మెడలో దండ వేసి, దేశం కోసం ఎలా చేరారో చెప్పండి తాతగారూ అని అడిగేవారు. కుర్చీ వేసినా కూర్చునేవాడు కాదు. నిలబడే చెప్పేవాడు: "నాను అన్నం కోసం ఎల్లినాను. రోజుకి రెండుపూట్లా పెడతామన్నారు. దేశం తరవాత దారిలో కలిసింది." సంఘంవాళ్ళకి ఇది నచ్చేది కాదు. ప్రతి ఏడూ ఈసారైనా మారుస్తాడేమోనని అడిగేవారు, ప్రతి ఏడూ ఆయన ఇదే చెప్పేవాడు.

నడకంటే గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఆయన వెనకాల చిమిండైంగ్ బజారుకి చేపలకి వెళ్ళేదాన్ని. బస్సు ఎక్కడు. ఏటి గాలి కొట్టే రోడ్డమ్మట నడకే. నేను పరిగెత్తాలి, ఆయన వెనక్కి తిరిగి చూడడు. కాళ్ళు నొప్పులని మొరపెట్టుకుంటే, "కాళ్ళకి సెవులుండవమ్మీ, నువ్వు సెప్పినా అవి ఇనవు, బేగి రా" అనేవాడు. బజారులో చేపలమ్మితో బేరం కూడా నడుస్తూనే. ఆమె ధర చెప్పేలోపు ఈయన పక్క గంప దగ్గరికి వెళ్ళిపోయేవాడు, ఆమె కేకేసి తగ్గించేది. ఆ కిటుకు నాకు ఇప్పటికీ పనికొస్తోంది. లతలో నా మసాలా పొడుల కొట్టుకి సరుకు అలాగే కొంటాను.

నడుస్తూ కథ చెప్పేవాడు. పటాలంలో మొదట తుపాకులు చాల్లేదట, వెదురు కర్రలు భుజాన పెట్టి తిప్పించారట. అందరూ ఒకే అడుగు వెయ్యాలి, ఎడమ అంటే ఎడమ, కుడి అంటే కుడి. రేవు కుర్రాళ్ళకి అదే రాలేదు. రేవులో ఇద్దరు మనుషులు వెదురు బొంగు మీద బస్తా మోస్తే అడుగు కలపకూడదు. కలిపితే బరువు ఉయ్యాలలా ఊగి భుజం కోసేస్తుంది. ముందువాడు ఎడమ వేస్తే వెనకవాడు కుడి వెయ్యాలి. పుట్టినప్పటి నుంచీ అలా నడిచినవాళ్ళని ఒకే అడుగు వెయ్యమంటే ఎలా వస్తుంది? తిట్లు తిన్నారు, ఎండలో నిలబడ్డారు, చివరికి నేర్చుకున్నారు. తీరా కొండల్లోకి వెళ్ళాక దెబ్బలు తగిలినవాళ్ళని మొయ్యాల్సి వచ్చింది. అప్పుడు రేవువాళ్ళనే పిలిచి, మీ నడకే నడవండి అన్నారట. "పటాలంలో కలపమంటారు, బరువు కాడ కలపొద్దంటారు, నా కాళ్ళకి ఇప్పటికీ ఏటి సెయ్యాలో తెలీదు" అని నవ్వేవాడు. నిజంగానే ఆయన నడక కుంటి కాదు కానీ ఏదో తేడాగా ఉండేది.

యుద్ధానికి పైకి వెళ్ళేటప్పుడు రైల్లో కొంత దూరం, ఆ తర్వాత నడక. పడమటి కొండల్లో వాన మొదలైతే ఆగేది కాదు. జలగలు, జ్వరం. బియ్యం అయిపోయాక వడ్లే దొరికితే ఇనప టోపీలో పోసి దంచుకున్నారు. అవీ అయిపోయాక అడవి అరటి దూటలు. ముందుకెళ్ళినవాళ్ళు వెనక్కి రావడం మొదలుపెట్టారు. యుద్ధంలో ఎవరిని చంపావు తాతా అని నేనొకసారి అడిగాను, చిన్నపిల్లని కదా. చాలా దూరం నడిచాక, తెలీదు అన్నాడు. పొదలోకి పేల్చమంటే పేల్చారట, పొదలో ఎవరున్నారో చూడలేదట. మోసినవాళ్ళు మాత్రం ఒక్కొక్కరూ గుర్తున్నారన్నాడు. ఒక పంజాబీ ఆయన మరీ బరువట, దారంతా క్షమించమని అడుగుతూనే ఉన్నాడట.

తిరిగొచ్చేటప్పుడు ఐరావతి దాటాలి. వరద మీదుంది. పడవ తిరగబడింది. తాతతోపాటు అదే లైన్లలో పక్కగదిలో పెరిగిన జతగాడొకడు ఉండేవాడు. వాడు గట్టుకి చేరాడు, తాత కొట్టుకుపోయాడు. జతగాడు ఎలాగో రంగూన్ చేరి, తాత తల్లి కాళ్ళ మీద పడి చెప్పాడు. అబద్ధం కాదు, చూసిందే చెప్పాడు. లైన్ల పెద్దలు కూర్చుని, శవం దొరకలేదు గనక దర్భలతో బొమ్మ కట్టి దహనం చేయించారు. మాలో చావు తంతు చేయించే దాసరి అప్పటికి ఊళ్ళోనే ఉన్నాడు. పదో రోజు తల్లి, ఆ కరువులో, దాచుకున్న బియ్యమంతా వండి లైన్లవాళ్ళకి పెట్టింది. ఆ భోజనం తిన్నవాళ్ళలో ఇప్పటి మా సంఘం పెద్దగారి తండ్రి కూడా ఉన్నాడు. సంఘం పెద్ద నాకు వరసకి మావయ్య. ఆయన కనిపించినప్పుడల్లా తాత, "మీ అయ్య నా పదో రోజు అన్నం తిని బతికినోడురా" అని ఎగతాళి చేసేవాడు. మావయ్య మొహం మాడ్చుకునేవాడు.

తాతని దిగువ ఊరి జాలర్లు ఏట్లోంచి లాగారు. కోలుకున్నాక మళ్ళీ పటాలాన్ని వెతుక్కుంటూ వెళ్ళి, తెల్లవాళ్ళకి పట్టుబడి, కంచె వెనక కొంతకాలం ఉండి, యుద్ధం అయిపోయాక వదిలేస్తే ఇంటికొచ్చాడు. మిట్టమధ్యాహ్నం. తల్లి గుమ్మంలో కూర్చుని నూకలు ఏరుతోంది. కొడుకుని చూసింది. లేచి గడపకి అడ్డంగా నిలబడింది.

"లోపలికి రాకురా నాయనా. నీకు కర్మ అయిపోయింది. పంతులు తిరిగొచ్చి నిన్ను మళ్ళీ పుట్టించినాక రా. ఇప్పుడొస్తే నిజంగా పోతావు."

ఈ మాటల్లో రాక్షసత్వం ఏమీ లేదని తాత ప్రతిసారీ నాకు గట్టిగా చెప్పేవాడు, నేను ఎక్కడ ఆవిడని తప్పుపడతానోనని. మాలో ఒక నమ్మకం ఉంది. బతికున్న మనిషికి పొరపాటున కర్మ జరిగిపోతే, వాడు తిరిగొచ్చినప్పుడు అలాగే ఇంట్లోకి రానివ్వకూడదు. అప్పుడే పుట్టిన బిడ్డకి చేసినట్టు అన్నీ చేసి, మళ్ళీ పేరు పెట్టి, అప్పుడు లోపలికి తీసుకోవాలి. చావు కర్మ దాసరి చేయించగలడు. మళ్ళీ పుట్టించడం వాడివల్ల కాదు, దానికి పంతులు కావాలి. లైన్ల పంతులు బాంబులు పడ్డ రోజుల్లోనే జనంతోపాటు కాలినడకన ఇండియాకి బయల్దేరి వెళ్ళిపోయాడు. చేరాడో లేదో ఎవరికీ తెలీదు.

ఆవిడ పంతులు కోసం ఎదురుచూసింది. కొడుకు బయట అరుగు మీద, తల్లి గడప లోపల. కంచం గడప మీద నుంచి బయటికి జరిపేది. వాడు తింటుంటే తనూ లోపల తినేది. తల్లికి ఎదురుగా కూర్చుంటే గడప వైపు కాళ్ళు చాపినట్టవుతుందని నిలబడి తినడం అప్పుడు మొదలైంది. ఆ పటాలం ఓడిన సంగతి ఆయనకి కంచె వెనక కాదు, ఆ అరుగు మీద తెలిసిందని నాకనిపిస్తుంది. ఆయన ఎప్పుడూ అలా అనలేదు, ఇది నా మాట.

కొన్నేళ్ళకి ఆవిడ పోయింది. మాలో తల్లికైనా పెద్ద కొడుకే పెట్టాలి, అయినా చిన్నవాడితో తలకొరివి పెట్టించారు. చచ్చిపోయినవాడు కొరివి ఎలా పెడతాడు? ఆయన దూరంగా రోడ్డు మీద నిలబడి చూశాడు. ఆ తర్వాత ఊళ్ళోకి వేరే పంతుళ్ళు వచ్చారు. అరవ పంతులు ఒకాయన నేను చేయిస్తాను, రావయ్యా అన్నాడట కూడా. తాత ఒప్పుకోలేదు. ఎందుకని నేను పెద్దదాన్నయ్యాక పోట్లాడాను. నాకు నోరెక్కువ, ఆయనకీ తక్కువ కాదు. అరిచాను, మూఢత్వం అన్నాను, నిన్ను చూసి బర్మావాళ్ళు నవ్వుతారన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు.

"పుట్టించడానికి పంతులొకడే సాలడమ్మీ. కనే అమ్మ ఉండాల. అమ్మ లేకుండా నాను ఎవులికి పుడతాను?"

ఆ తర్వాత నేనెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. తాడుకి క్యారేజీ తగిలించి దించడం మొదలుపెట్టాను. అంతకుముందు మా అమ్మ ఆ పని చేసేది, అమ్మకి ముందు నాయనమ్మ. ఖాళీ క్యారేజీ పైకి వచ్చేటప్పుడు అందులో ఒక్కోసారి షాన్ కొండల నారింజ, ఒక్కోసారి ఎండు రొయ్యల పొట్లం ఉండేవి. వంట మీద తీర్పు మాత్రం కింద నుంచి కేకేసి చెప్పేవాడు. నా పప్పు ఎన్నిసార్లు మాడిందో లతలో తెలియనివాళ్ళు లేరు.

ఈ మధ్య మా వీధిలో కుర్రాళ్ళున్న ఇళ్ళన్నీ తలుపు చప్పుడైతే ఉలిక్కిపడుతున్నాయి. ఇప్పటి సర్కారు పటాలంలోకి బలవంతపు పిలుపు ఎవరికొస్తుందో తెలీదు. తల్లులు వచ్చి తాత మంచం పక్కన నిలబడేవారు. యుద్ధం చూసిన మనిషి ఆయనొక్కడే మరి. ఎలా ఉంటుంది, తిండి పెడతారా, కొడతారా అని బర్మా భాషలో అడిగేవారు. ఆయన ధైర్యం చెప్పేవాడు కాదు, భయపెట్టేవాడు కాదు. అన్నీ విని, ఎల్లమనేవోళ్ళు శానామంది ఉంటారు, తిరిగొచ్చినప్పుడు తలుపు మీరే తీయాల, ఎలాటోడై వచ్చినా తీయండి అని చెప్పేవాడు. వాళ్ళు వెళ్ళిపోయాక లేచి వీధి చివరి దాకా, మళ్ళీ ఇటు చివరి దాకా తిరిగేవాడు. ఆ వయసులో పడిపోతావు తాతా అంటే, కూకుంటేనే పడిపోతాను అనేవాడు.

ఆయన నన్ను కోరిక కోరింది అలాంటి ఒక రోజే. వాన పడుతోంది. నేను కొట్టు మూసి వస్తుంటే మెట్ల దగ్గర ఆపాడు. "పైన అమ్మ పటం ఏ గోడకుంది?" అని అడిగాడు. తల్లి చివరి రోజుల్లో స్టూడియోలో తీయించిన ఫోటో అది. తీసినప్పుడు బయట నిలబడి చూశాడట, గోడకెక్కాక చూడలేదు. గుమ్మానికి ఎదురు గోడకి ఉందని చెప్పాను. ఎటు చూస్తూ ఉంటుందన్నాడు. గుమ్మం వైపే అన్నాను. అప్పుడడిగాడు, పోయాక ఓసారి తీసుకెళ్తావా అని. బతికుండగా తల్లి మాట దాటడు. పోయాక ఆ మాట తీరిపోతుంది కదా, ఇంక లోపలికొస్తే పోయేదేముంది అని ఆయన లెక్క. సరే తాతా అన్నాను. తడిసిపోతున్నావు, పైకెల్లు అన్నాడు.

తాత పోయిన రోజుకి వద్దాం. పది దాటేసరికి మెట్ల కింద నిలబడే చోటు లేదు. కరెంటు పోయింది, పక్క కొట్ల జనరేటర్లు మొదలయ్యాయి, ఎవరి మాటా ఎవరికీ వినబడటం లేదు. చిమిండైంగ్ నుంచి మా అన్నయ్య వచ్చాడు. గుడి పంతులుగారు వచ్చారు. సంఘం పెద్ద మావయ్య జెండా, దండ తీసుకుని వచ్చాడు. వ్యాను బయట ఉంది, శ్మశానంలో చెప్పిన వేళకి చేరకపోతే మన వంతు పోతుంది, తొందరగా కానివ్వండంటున్నాడు. నేను మంచానికి అడ్డంగా నిలబడి, ముందు తాతని పైకి మా ఇంట్లోకి తీసుకెళ్ళాలన్నాను.

అన్నయ్య నన్ను పక్కకి లాగాడు. పిల్లలున్న ఇల్లు, అరిష్టం అన్నాడు. మావయ్య నాకు తెలియనట్టు మళ్ళీ మొదటి నుంచీ చెప్పాడు, బయట పోయినవాణ్ణి లోపలికి తేకూడదు, ఇక్కణ్ణించే ఎల్లాల అని. పంతులుగారు నేలకేసి చూస్తున్నారు. వాళ్ళు చెప్పింది తప్పని కాదు. వేరే ఎవరి గురించైనా అయితే నేనూ అదే చెప్పేదాన్ని. తాత ఉంటే ఈ గోలకి లేచి వీధి చివరికి వెళ్ళిపోయేవాడు. అలా అనుకున్నాక నాకు మాట దొరికింది.

"మావయ్యా, తాతకి కర్మ ఎప్పుడో అయిపోనాది. పదో రోజు అన్నం మీ అయ్య తిన్నాడు, తాత మీకు ఎన్నిసార్లు సెప్పలేదు? ఒక మడిసి రెండుసార్లు సస్తాడేటి?"

"మరి ఈయనెవులే?" అన్నాడు మావయ్య, కోపంగానే.

"పటాలం నించి ఇంటికొచ్చిన కుర్రోడు. వాకిట్లో నిలబెట్టీసినాం. లోపలికి రమ్మనాల."

మావయ్య జెండా ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. అందరూ పంతులుగారి వైపు చూశారు. ఆయన మా అబ్బాయి వయసువాడు, పాపం, ఇలాంటిది ఎక్కడా చదివి ఉండడు. కండువాతో మొహం తుడుచుకుని, "గొంతు ఎండిపోతోందమ్మా, టీకొట్టు దాకా వెళ్ళొస్తాను. నేనొచ్చేసరికి ఆయన కిందే ఉండాలి" అన్నాడు. నా వైపు ఒకసారి చూసి వీధి దాటాడు. అర్థమైనవాళ్ళకి అర్థమైంది.

మా మెట్లు ఇరుకు, పాడె మలుపు తిరగదు. దుప్పటిని రెండు కొసలా వెదురు బొంగుకి కట్టాం. ముందు అన్నయ్య, వెనక డా మ్యా కొడుకు, మధ్యలో టీకొట్టు మనుషులిద్దరు పట్టుకున్నారు. బరువే లేదనుకున్నాను. కానీ మొదటి మలుపు దాకా వెళ్ళేసరికి దుప్పటి ఊగడం మొదలైంది, తాత గోడకి తగలబోయాడు. కింద నుంచి నేనే అరిచాను, అడుగు కలపకండి, ఒకరు ఎడమ వేస్తే ఇంకొకరు కుడి వేయండి అని, తెలుగులో ఒకసారి, బర్మాలో ఒకసారి. రెండు మెట్లు తడబడ్డారు, తర్వాత కుదిరింది. ఊగడం ఆగింది. అలాగే మూడో అంతస్తు చేరారు. మావయ్య అందరికంటే వెనక, రెయిలింగు పట్టుకుని ఎక్కుతూ వచ్చాడు.

నేను పక్కనించి దూరి ముందే ఇంట్లోకి వెళ్ళాను. పళ్ళెంలో నీళ్ళు పోసి పసుపు, సున్నం కలిపాను, ఎర్రబడ్డాయి. మా ఇంట్లో పసిబిడ్డ మొదటిసారి గడప దాటినప్పుడల్లా ఈ నీళ్ళే తిప్పుతాం. మా పిల్లలకి మా అమ్మ తిప్పింది. గుమ్మంలో వాళ్ళని ఆపి, తాత మొహం చుట్టూ పళ్ళెం తిప్పాను. ఏదో ఒకటి అనాలి కదా. తల్లి ఉంటే ఏమనేదో అదే అన్నాను.

"లోపలికి రా నాయనా."

గొంతు నాది నాకే కొత్తగా వినబడింది. అప్పుడు ఏడుపొచ్చింది, పొద్దున్న నుంచీ రానిది. ఆయన్ని ఎదురు గోడ కింద చాప మీద, తల్లి పటం కిందే పడుకోబెట్టాం. అన్నయ్య తల వంచుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఎంతసేపున్నామో తెలీదు, పంతులుగారు రెండో టీ కూడా తాగి ఉంటారు. తిరిగి దించేటప్పుడు ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది, నలుగురూ అడుగు కలపకుండానే దిగారు. పంతులుగారు వచ్చేసరికి తాత కిందే ఉన్నాడు. మావయ్య జెండా కప్పాడు, నేను అడ్డు చెప్పలేదు. అదీ ఆయనదే కదా.

సాయంత్రం శ్మశానం నుంచి వచ్చి స్నానాలు చేసినవాళ్ళు, పలకరించడానికి వచ్చినవాళ్ళు, మా ఇల్లు నిండిపోయింది. గుమ్మం బయట చెప్పులు కుప్ప పడ్డాయి. చీకటి పడే వేళకి ఒక్కొక్కరే లేచి, ఎవరి చెప్పులు వాళ్ళు వెతుక్కుని దిగిపోయారు. అందరికంటే చివర మావయ్య లేచాడు. కరెంటు ఇంకా రాలేదు. గుమ్మంలో నేను ఫోన్ లైటు పట్టుకుంటే తన చెప్పులు తొడుక్కుని, పక్కనే మిగిలిన జత చూశాడు. అరిగిపోయిన పాత జత. పగలు మేం తాతని పైకి మోస్తున్నప్పుడు డా మ్యా వాటిని మంచం కింద నుంచి తెచ్చి, మా గడప పక్కన వదిలినట్టు పెట్టింది. ఏ ఇంటి బయటా ఎప్పుడూ విడవని చెప్పులవి. ముందుభాగం ఇంట్లోకి తిరిగి ఉంది.

"ఇవెవులివమ్మీ? లోపలింకా ఎవులున్నారేటి?" అన్నాడు మావయ్య.

"తాతున్నాడు మావయ్యా" అన్నాను.

ఆయన పంచె పైకెత్తి పట్టుకుని, ఆ జతకి కాలు తగలకుండా గోడవారనే మెట్లు దిగి వెళ్ళాడు.